అందరి పిల్లలకూ అందే వేడుక: ఇంద్రియ సున్నితత్వమూ, పుట్టినరోజు పండుగా

పండుగలన్నిటిలోనూ పుట్టినరోజు చిన్నది. పంచాంగంలో దానికి చోటు లేదు; నెలవంక కనబడడంతో దానికి పని లేదు. అది ఒక ఇంటికి, ఆ ఇంటిలోని ఒక్క బిడ్డకు మాత్రమే పండుగ. ఉర్దూలో దానిని ‘సాల్‌గిరా’ అంటారు. పారసీ భాషలో ‘సాల్’ అనగా సంవత్సరం, ‘గిరహ్’ అనగా ముడి. ఏడాదికి ఒక ముడి చొప్పున దారానికి వేసి బిడ్డ వయస్సును లెక్కించే పూర్వాచారం ఆ మాటలో దాగి ఉన్నది. తెలుగు ఇండ్లలో తలంటు, కొత్త బట్టలు, హారతి, పెద్దల అక్షింతలు పుట్టినరోజుకు గుర్తులు. ఆచారాలు వేరైనా అంతరార్థం ఒక్కటే. ‘నీవు మా మధ్య ఉన్నావు, అది మాకు సంతోషం’ అని బిడ్డకు తెలియజెప్పడమే ఆ అంతరార్థం.

గత కొన్ని దశాబ్దాలలో ఈ చిన్న పండుగ స్వరూపం చాలా మారినది. కేకు, కొవ్వొత్తులు, బెలూన్లు వచ్చినవి. వాటి వెంట ఫంక్షన్ హాలు, డీజే పెట్టెలు, మిణుకుమిణుకుమనే రంగుదీపాలు, టపటప పేలే కాగితపు గొట్టాలు, నురుగు చిమ్మే డబ్బాలు వచ్చి చేరినవి. ఈ ఆర్భాటం చాలామంది పిల్లలకు ఆనందదాయకమే. అయితే అదే హాలులో ఒక మూల రెండు చేతులతో చెవులు మూసుకొని, గోడవైపు తిరిగి నిలుచున్న బిడ్డ కూడా ఒక్కొక్కప్పుడు కనబడతాడు. ‘మొండివాడు’, ‘నలుగురిలో మెలగడం నేర్పలేదు’ అనే మాటలు అతని తల్లి చెవిని పడతాయి. ఆమె భోజనమైనా చేయకుండా బిడ్డను ఎత్తుకొని వెళ్ళిపోతుంది. మరుసటి ఏడు వారికి పిలుపు అందదు. అందినా వారు రారు. ఈ విధంగా ఒక బాల్యం నుండి వేడుకలు ఒక్కొక్కటిగా తొలగిపోతాయి. ఆ బిడ్డకు కలిగే బాధ ఎట్టిది, దానికి కారణమేమి, అతనిని కలుపుకొని వేడుక జరుపుకొనే మార్గమేది అనే మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

జన్మదినం జరుపుకొనడం ధర్మసమ్మతమా, కాదా అనే విషయంలో ముస్లిం విద్వాంసులలో భిన్నాభిప్రాయాలు ఉన్నవి. ఆ చర్చ ఇక్కడ ప్రస్తుతం కాదు. పుట్టినరోజు చేయని ఇంటిలో కూడా అఖీఖా ఉంటుంది, బిస్మిల్లా ఉంటుంది, ఈద్ విందు ఉంటుంది. హిందూ గృహాలలో అక్షరాభ్యాసం, క్రైస్తవ గృహాలలో క్రిస్మస్ విందు ఉంటాయి. పిల్లలు నలుగురు కూడే ప్రతి చోటుకూ ఈ మాటలు వర్తిస్తాయి.

1. ఇంద్రియ సున్నితత్వం అనగానేమి?

జ్ఞానేంద్రియాలు ఐదు అని మనం చిన్ననాడు చదువుకొన్నాం. శాస్త్రజ్ఞులు వాటికి మరి మూడింటిని చేర్చి చెబుతారు. శరీరం ఒరిగినదా, తిరుగుతున్నదా, నిలకడగా ఉన్నదా అని తెలిపేది లోపలి చెవిలోని సమతౌల్యేంద్రియం. చేతులు కాళ్ళు ఎక్కడ ఉన్నవో, ఎంత బలం వాడుతున్నవో కండరాల నుండి, కీళ్ళ నుండి తెలిపేది రెండవది. ఆకలి, దాహం, మూత్రవిసర్జన అవసరం వంటి లోపలి సంకేతాలను తెలిపేది మూడవది.

ఇన్ని ద్వారాల నుండి వచ్చే సమాచారాన్ని మెదడు వడపోస్తుంది. ఈ వాక్యం చదువుతున్న క్షణంలో చొక్కా కాలరు మీ మెడకు తగులుతూనే ఉన్నది. ఫ్యాను చప్పుడు వినబడుతూనే ఉన్నది. అవి అనవసరమని మీ మెదడు పక్కకు నెట్టివేసినది కనుక మీరు చదువగలుగుతున్నారు. కొందరు పిల్లలలో ఈ జల్లెడ వేరు విధంగా పనిచేస్తుంది. పక్కకు పోవలసినది కూడా లోపలికి వచ్చి పడుతుంది. ఫ్యాను చప్పుడు, గురువుగారి మాట, వీధిలోని బండి హారను, మెడ వెనుక కుట్టు గరుకు – ఇవన్నీ ఒకే బలంతో ఒకేసారి మీద పడితే ఆ బిడ్డ పరిస్థితి ఎట్లుంటుందో ఊహించవలెను.

అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు ఎ. జీన్ ఏర్స్ ఇంద్రియ సమన్వయాన్ని గురించి, అభ్యసన సమస్యలను గురించి 1972లో ప్రచురించిన గ్రంథం ఈ విషయంపై చర్చకు దారితీసినది. తరువాతి పరిశీలకులు పిల్లల స్పందనలను సాధారణంగా మూడు తీరులుగా చెబుతారు. మొదటిది అతిస్పందన: మామూలు శబ్దం, స్పర్శ, వెలుగు, వాసన కూడా భరింపరానివిగా తోచడం. రెండవది అల్పస్పందన: పేరు పెట్టి పిలిచినా, దెబ్బ తగిలినా వెంటనే గుర్తింపకపోవడం. మూడవది అన్వేషణ: తిరగడం, దుమకడం, గట్టిగా హత్తుకోవడం, వస్తువులను తడమడం వంటి అనుభవాలను మాటిమాటికి వెదకుకోవడం. ఒకే బిడ్డ శబ్దం విషయంలో అతిస్పందన గలవాడై, ఊయల విషయంలో అన్వేషి కావచ్చు. నిద్రలేమి, ఆకలి, జ్వరం ఉన్న రోజున సున్నితత్వం పెరగవచ్చు. కాబట్టి ‘నిన్న బాగానే ఉన్నాడు కదా, నేడు నటిస్తున్నాడు’ అనడం సరికాదు.

పాదరక్షలో చిక్కిన చిన్న రాయి గాని, కంటిలో పడిన నలుసు గాని ఎంతటి బాధ పెట్టగలదో వేమన పద్యం చదువుకొన్న ప్రతి తెలుగు విద్యార్థికీ తెలుసు. బాధ పరిమాణం బాధించే వస్తువు పరిమాణాన్ని బట్టి ఉండదు. చూచేవారికి అది కనబడనే కనబడదు.

2. ఆటిజంతో సంబంధం

ఇంద్రియ సున్నితత్వం ఎక్కువగా ఆటిజం గల పిల్లలలో కనబడుతుంది. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా గుర్తించి 1943లో వ్యాసం ప్రకటించిన బాలల మనోవైద్యుడు లియో కానర్, తాను చూచిన 11 మంది పిల్లలను వర్ణించాడు. వారిలో కొందరు పారే నీటి చప్పుడుకు, కోడిగ్రుడ్డు గిలకొట్టే యంత్రానికి, ఆటబొమ్మల యంత్రధ్వనికి, చివరకు గాలి హోరుకు సైతం భయపడేవారని ఆయన వ్రాశాడు. అదే వ్యాసంలో మరొక గొప్ప పరిశీలన ఉన్నది: తాను భయపడే శబ్దమంతటి శబ్దాన్ని ఆ బిడ్డ తానే సంతోషంగా చేయగలడట!

ఈ పరిశీలనను మనం బాగా గుర్తుంచుకోవలెను. ‘డప్పు మోగితే చెవులు మూసుకొంటాడు గాని, తాను మాత్రం పళ్ళెం మీద గరిటెతో మోగిస్తాడు, ఇది పొగరు కాక మరేమిటి?’ అని బంధువులు అంటూ ఉంటారు. తాను చేసే శబ్దం ఎప్పుడు మొదలగునో, ఎప్పుడు ఆగునో బిడ్డకు తెలుసు. ఇతరులు చేసే శబ్దం హెచ్చరిక లేకుండా వచ్చి పడుతుంది. శబ్దం పెద్దదై ఉండడం ఒక బాధ అయితే, అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం మరొక బాధ. వేడుకలో మనం చేయగల మార్పులలో సగం ఈ రెండవ బాధను తగ్గించేవే.

అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో ప్రకటించిన రోగనిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పులో, ఇంద్రియానుభవాలకు అతిగానో అల్పంగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాలలో ఒకటిగా చేర్చారు. అయినా సున్నితత్వం గల ప్రతి బిడ్డకూ ఆటిజం ఉన్నదనుకోరాదు. ఏకాగ్రతాలోపం, అతిచురుకుదనం గల పిల్లలలోను, ఏ పేరూ పెట్టనవసరం లేని మామూలు పిల్లలలోను ఇది కనబడుతుంది. పేరు పెట్టడం వైద్యుల పని. చోటు ఇవ్వడం మన పని.

ఆటిజంతో పెరిగి జంతుశాస్త్ర ఆచార్యులైన అమెరికా రచయిత్రి టెంపుల్ గ్రాండిన్ తన బాల్యానుభవాలను గ్రంథస్థం చేశారు. బంధువులందరూ గుమిగూడిన సందడి తనను ఉక్కిరిబిక్కిరి చేసేదనీ, పుట్టినరోజు విందులలో బూరలు, ఈలలు ఒక్కసారిగా మోగడం తనకు చిత్రహింసగా ఉండేదనీ ఆమె చెప్పారు. గరుకు లోదుస్తులు చర్మాన్ని గీరినట్లుండేవని కూడా వ్రాశారు. మాటలు కూర్చి చెప్పలేని పసివారి తరఫున ఆమె పలికిన సాక్ష్యంగా దీనిని గ్రహింపవలెను.

3. మన వేడుకలో ఇబ్బంది ఎక్కడ ఉన్నది?

మన ఇండ్లలో జరిగే వేడుకను ఒక్కొక్క ఇంద్రియం వెంట నడిచి చూతము.

చెవి: మనుష్యుల మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్లు ఉంటుంది. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 డెసిబెల్లు పెరిగితే ధ్వని తీవ్రత 10 రెట్లు అవుతుంది. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించరాదని 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు చెబుతున్నవి. మూసిన హాలులో డీజే పెట్టెల ముందు నిలుచుంటే ఈ అంకెలకు అర్థం లేదు. ఇక బెలూను పగలడం అన్నిటికంటె కఠినమైనది. అది పగిలినప్పుడే కాదు, ఎప్పుడు పగులునోనని ఎదురుచూచే సమయమంతా బిడ్డకు వేదనయే.

కన్ను: మిణుకు దీపాలు, ఫొటోగ్రాఫరు ఫ్లాష్, మెరుపు కాగితాలు. వేగంగా మిణికే దీపాలు కొన్ని రకాల మూర్ఛవ్యాధి గలవారికి ప్రమాదకరం కూడా.

ముక్కు: అత్తరు, అగరుబత్తి, గది సువాసనకై చల్లే స్ప్రే, కొత్త రంగు, వంటశాల నుండి వచ్చే మసాలా ఘాటు ఒకచోట కలుస్తాయి. విడివిడిగా ఇంపైనవే, కలిసినప్పుడు కొందరికి వాంతి తెప్పిస్తాయి.

చర్మం: జరీ అంచు పట్టులంగా, బిగుతు షేర్వానీ, మెడ వెనుక లేబులు. దానికి తోడు ప్రేమతో చేసే దాడి: బుగ్గలు గిల్లడం, ముద్దులు పెట్టడం, కేకు ముక్కను నోట కుక్కడం, ముఖానికి పూయడం. ఇది ముద్దు అనుకొనేది మనం. బిడ్డకు అది చెప్పకుండా వచ్చిన తాకిడి.

నాలుక: కొందరు పిల్లలు నాలుగైదు పదార్థాలు తప్ప ముట్టరు. తెల్ల అన్నం, పెరుగు విడిగా ఉంటే తింటారు, కలిపితే తినరు. కొసరి కొసరి వడ్డించడం మన మర్యాద. ఆ బిడ్డకు మాత్రం అది పరీక్ష.

శరీర గమనం: ఒప్పులకుప్ప తిరిగితే కొందరికి ఆనందం, మరికొందరికి కళ్ళు తిరిగి భయం. కుర్చీలాటలో పాట హఠాత్తుగా ఆగడం, తోసుకోవడం, ఓడినవాడు వెలికి పోవడం – మూడు కష్టాలు ఒకే ఆటలో ఉన్నవి.

4. వేడుకను ఎట్లు సిద్ధపరచవలెను?

ఇందుకు వైద్యపరిజ్ఞానం అవసరం లేదు, ముందుచూపు చాలును.

(అ) పిలుపు: పిలుపు పత్రంలోనో, ఫోను సందేశంలోనో ఒక్క వాక్యం చేర్చితే సగం పని జరుగుతుంది. ‘మీ బాబుకు ఏ శబ్దం, ఏ ఆహారం, ఏ ఆట ఇబ్బందియో ముందుగా తెలిపితే సంతోషిస్తాము, ఎప్పుడు వచ్చినా, ఎంతసేపు ఉన్నా మాకు సంతోషమే’ అని వ్రాయవచ్చును. ఈ వాక్యాన్ని ఒక్క ఇంటికి కాక అన్ని ఇండ్లకూ పంపవలెను. అప్పుడు ఎవరూ తమను వేరుచేసి చూచారని నొచ్చుకోరు. తెలిపిన విషయాన్ని గోప్యంగా ఉంచుకోవలెను.

(ఆ) కాలం, సంఖ్య: బడి వదలిన సాయంకాలం పిల్లలు అలసి ఉంటారు. సెలవునాటి ఉదయం మేలు. చిన్న పిల్లలకు గంటన్నర చాలును. ఆరుగురో, ఎనిమిదిమందో పిల్లలైతే ప్రతివారి ముఖమూ చూడగలం. సున్నితమైన బిడ్డను అందరికంటె పావుగంట ముందు రమ్మనవలెను. ఖాళీగా ఉన్న గది క్రమంగా నిండడం చూచిన బిడ్డకూ, నిండిన గదిలోకి తలుపు తెరచుకొని వచ్చిన బిడ్డకూ చాలా భేదం ఉన్నది. వీలైతే ముందురోజు ఒకసారి ఆ స్థలం చూపవలెను.

(ఇ) కార్యక్రమ పట్టిక: ఒక అట్టముక్క మీద బొమ్మలతో క్రమం వ్రాయవచ్చును: రావడం, బొమ్మలు వేయడం, ఆట, కేకు, భోజనం, ఇంటికి పోవడం. చదువురాని బిడ్డకు కూడా బొమ్మలు అర్థమవుతాయి. ఒక్కొక్కటి పూర్తికాగానే దానిపై గీత పెట్టవలెను. తరువాత ఏమి జరుగునో తెలియడం వలన కలిగే ధైర్యం అంతా ఇంతా కాదు.

(ఈ) విశ్రాంతి గది: ఇది అన్నిటికంటె ముఖ్యం. ఒక చిన్న గది, లేదా వరండాలో తెర కట్టిన మూల. అందులో చాప, దిండు, మంచినీరు, రెండు మూడు బొమ్మల పుస్తకాలు ఉండవలెను. వెలుతురు తక్కువగా, వాసనలు లేకుండా ఉండవలెను. ‘ఎవరికి అలసట కలిగినా ఇక్కడికి రావచ్చును’ అని అందరు పిల్లలకూ మొదటనే చూపవలెను. అది శిక్షగది కాదు. తలుపుకు గొళ్ళెం వేయరాదు. బిడ్డను అందులోకి పంపివేయడం గాక, బిడ్డయే పోదలచినప్పుడు పోగలగడం ప్రధానం.

(ఉ) అలంకరణ: బెలూన్లకు బదులు మామిడాకులు, రంగుకాగితాల తోరణాలు కట్టవచ్చును. మిణుకు దీపాలు వద్దు. నురుగు చిమ్మే డబ్బాలలో మండే వాయువులు ఉండే అవకాశమున్నది. వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర అవి ఎవరికీ క్షేమం కాదు.

(ఊ) కేకు, పాట: పాట ఎప్పుడు మొదలగునో ముందే చెప్పవలెను, ఒకటి, రెండు, మూడు అని లెక్కించి మెల్లగా పాడవలెను. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపవచ్చును. ఇష్టపడిన బిడ్డ గుమ్మం దగ్గర నిలిచి చూచినా అది పాల్గొనడమే. చెవులకు అడ్డుగా హెడ్‌ఫోను వంటి సాధనం పెట్టుకొన్న బిడ్డను ఎగతాళి చేయరాదని తక్కిన పిల్లలకు ముందే చెప్పవలెను.

(ఋ) ఆటలు: గెలుపు ఓటములు లేని పనులు కొన్ని ఉండవలెను: బంకమట్టితో బొమ్మలు, రంగులు వేయడం, ఇసుకలో ఇండ్లు కట్టడం, పూసలు గ్రుచ్చడం. చలనం కోరే పిల్లలకు ఊయల, తొక్కుడుబిళ్ళ, ఆరుబయట పరుగు ఉండవలెను. ముగ్గురు నలుగురు కూర్చొని ఆడే అష్టాచెమ్మా చాలా అనుకూలమైన ఆట. వంతు ఎప్పుడు వచ్చునో అందరికీ కనబడుతూ ఉంటుంది. ఏ ఆటయందైనా ‘చూస్తూ కూర్చొంటాను’ అనే స్వేచ్ఛ ఉండవలెను.

(ౠ) భోజనం: మసాలా లేని అన్నం, పెరుగు, అరటిపండు, బిస్కట్లు వంటివి విడివిడిగా పెట్టవలెను. తల్లి ఇంటినుండి డబ్బా తెచ్చుకొంటే దానిని అవమానంగా భావించరాదు. ‘మా ఇంటి బిర్యానీ తినకపోతే ఎట్లా?’ అనే ప్రేమపూర్వకమైన నిర్బంధం ఆనాటికి మానుకోవలెను.

(ఎ) భద్రత: భయపడిన పిల్లలు కొందరు ఒక్కసారిగా బయటికి పరుగెత్తుతారు. వీధి గేటు దగ్గర ఒక పెద్దమనిషి ఉండవలెను. నీటి సంపు, బావి, ట్యాంకు మూతలు వేసి ఉన్నవో లేవో పిల్లలు రాకముందే చూచుకోవలెను.

5. బిడ్డ తట్టుకోలేకపోతే

ఎంత జాగ్రత్త పడినా ఒక్కొక్కప్పుడు బిడ్డ తట్టుకోలేక ఏడ్వవచ్చు, కేకలు వేయవచ్చు, నేలపై పడి దొర్లవచ్చు. కోరినది దక్కించుకొనడానికి చేసే మారాముకూ దీనికీ భేదం ఉన్నది. మారాము చేసే బిడ్డ మధ్యమధ్య మన ముఖం చూస్తాడు; కోరినది దొరికితే ఆగుతాడు. పొంగిపోయిన బిడ్డకు ఏమి ఇచ్చినా వెంటనే ఆగదు. ఆపుకొనే శక్తి ఆ క్షణంలో అతనికి లేదు. ఈ భేదం ప్రతిసారీ స్పష్టంగా తెలియదు. తెలియనప్పుడు దయ వైపు మొగ్గడం వలన నష్టం లేదు.

అప్పుడు చేయవలసినవి కొద్దియే. శబ్దం తగ్గించవలెను. గుమిగూడిన జనాన్ని దూరంగా పంపవలెను. మాటలు తగ్గించవలెను, ఉపదేశాలు అప్పుడు చెవికెక్కవు. తల్లిదండ్రులను అడుగకుండా బిడ్డను తాకరాదు. తల్లికి ‘ఏమి చేయమంటావమ్మా?’ అనే ఒక్క ప్రశ్న చాలును. ఫోనుతో చిత్రీకరించడం మాత్రం క్షమింపరాని పని. బిడ్డ తేరుకొన్న తరువాత మళ్ళీ కలవదలిస్తే ఏమీ జరగనట్లే చేర్చుకోవలెను.

6. పుట్టినరోజు ఆ బిడ్డదే అయితే

సున్నితత్వం గల బిడ్డ అతిథియే కానక్కరలేదు. ఒక్కొక్కప్పుడు పుట్టినరోజు ఆ బిడ్డదే. అప్పుడు చిక్కు మరింత పెద్దది. బంధువులను పిలవకపోతే మాట వస్తుంది. పిలిస్తే బిడ్డకు బాధ. ఇట్టి ఇండ్లకు రెండు వేడుకల పద్ధతి మంచిది. పగలు బిడ్డ కోరిన ఇద్దరు స్నేహితులతో, కోరిన ఆటతో, కోరిన తిండితో చిన్న వేడుక. బంధువుల విందు మరొక రోజు. అందులో బిడ్డ పదినిమిషాలు కనబడి వెళ్ళినా చాలును. కొత్త బట్టలను రెండు మూడు సార్లు ఉతికి మెత్తబరచి, లోపల పాత నూలు బనియను తొడగవచ్చును. పాత చొక్కాయే కావలెనంటే పాత చొక్కాతోనే పుట్టినరోజు జరగనిండు. ఫొటోలో అందం తగ్గవచ్చు. బిడ్డ జ్ఞాపకంలో ఆనందం మిగులుతుంది.

7. కొన్ని ఆక్షేపణలు

‘లోకమంతా చప్పుడే కదా, ఇప్పుడే అలవాటు చేయకపోతే ఎప్పుడు నేర్చుకొంటాడు?’ అని కొందరు అడుగుతారు. ప్రశ్న సహేతుకమైనదే. అలవాటు చేయడం అంటే కొద్దికొద్దిగా, బిడ్డకు చెప్పి, ఆపమన్నప్పుడు ఆపుతూ చేయడం. ఈత నేర్పేవాడు లోతులేని చోట మొదలుపెడతాడు; నడిబావిలో తోసివేయడు. బలవంతంగా నెట్టబడిన బిడ్డ చప్పుడుకు అలవాటు పడడు; మనుష్యులను చూచి భయపడడం నేర్చుకొంటాడు.

‘ఒక్కని కోసం తక్కిన పిల్లల సరదా మానవలెనా?’ అన్నది రెండవ ఆక్షేపణ. మాననవసరం లేదు, క్రమం మార్చితే చాలును. మొదటి గంట నెమ్మదియైన ఆటలు, కేకు, భోజనం. చివరి అరగంట గానాబజానా. అది మొదలయ్యేముందు చెబితే, పోదలచినవారు సంతోషంగా సెలవు తీసుకొంటారు.

ఈ సందర్భంలో ఒక ప్రసిద్ధ హదీసు జ్ఞాపకం చేయడం సముచితం. నమాజును దీర్ఘంగా జరిపించదలచిన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), వెనుక వరుసలలో పసిబిడ్డ ఏడుపు విని, ఆ తల్లి మనస్సు కలత చెందునని నమాజును సంక్షిప్తం చేసేవారని సహీహ్ బుఖారీలో ఉన్నది. ప్రార్థనయే ఒక బిడ్డ కోసం, ఒక తల్లి కోసం కుదించబడగా, మన పాటల పెట్టె శబ్దం కుదించడానికి వెనుకాడుటలో అర్థమేమున్నది?

ఖర్చు విషయమై మూడవ ఆక్షేపణ రానే రాదు. ఇందులో చెప్పినవన్నీ ఖర్చు తగ్గించేవే. అప్పు చేసి హాలు మాట్లాడే మధ్యతరగతి తండ్రికి ఇది ఊరట కూడా.

8. చట్టం, సమాజం, మన కళాశాల

ఆడుకొనే హక్కు, విశ్రాంతి హక్కు ప్రతి బిడ్డకూ ఉన్నవని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతున్నది. భారతదేశం 1992లో దానిని అంగీకరించినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఆటిజాన్ని వాటిలో చేర్చినది. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ, మన రాష్ట్రాలలోని ‘భవిత’ కేంద్రాలు ప్రత్యేకావసరాలు గల పిల్లలకు తోడ్పడుతున్నవి. బిడ్డ విషయంలో సందేహం గల తల్లిదండ్రులు బంధువుల తీర్పు కంటె ఇట్టి చోట్ల నిపుణుల సలహా పొందడం మేలు. అయితే ఏ బిడ్డనైనా పుట్టినరోజుకు పిలవవలెనని ఏ చట్టమూ శాసించజాలదు. అది మనుష్యుల మధ్య మాత్రమే జరుగవలసిన పని.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులవుతారు, చాలామంది తల్లిదండ్రులవుతారు, ఇప్పటికే అందరూ అన్నలో, అక్కలో, పిన్నులో, మామలో అయి ఉన్నారు. ఇంటిలో జరిగే తదుపరి వేడుకలో పాటల పెట్టె మీట మీ చేతిలోనే ఉంటుంది. మూల నిలుచున్న బిడ్డను మీరు ముందుగా చూడగలరు. అతనిని నలుగురి మధ్యకు లాగవద్దు. మీరే వెళ్ళి కొంచెం దూరంగా, మాట్లాడకుండా కూర్చొనండి. తరచుగా అదే చాలును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన వార్షికోత్సవానికి, ఈద్ మిలాప్‌కు, ఉగాది సభకు అధ్యాపకుల, విద్యార్థుల కుటుంబాలు చిన్నపిల్లలతో వస్తాయి. మైకు పెట్టెలను పిల్లలు కూర్చొనే వరుసలకు దూరంగా అమర్చవలెననీ, వేదికకు దూరమైన ఒక తరగతి గదిని ఆనాటికి విశ్రాంతి గదిగా కేటాయించవలెననీ, జాతీయ సేవా పథకం విద్యార్థులు ఇద్దరిని అక్కడ ఉంచవలెననీ కోరుతున్నాను. ఇందుకు కావలసినది రెండు చాపలు, ఒక నీళ్ళకూజా, తలుపు మీద ఒక కాగితం. ఆ కాగితం మీద ‘విశ్రాంతి గది – అందరికీ’ అన్న అక్షరాలు వచ్చే వార్షికోత్సవం నాటికి ఉర్దూలోనూ, తెలుగులోనూ కనబడవలెనని నా ఆకాంక్ష.